పాటలో పలకని పేరు

మా గాయకుడి పాటల్లో అందరి నోళ్ళలో ఎక్కువగా నానిన పాట ఒకటుంది. రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. అది విన్న పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు: "తాతా, ప్రతి పాదంల ఒకకాడ ఆయన ఎందుకు ఆగుతడు? ఆడ డప్పు ఒక్కటే ఎందుకు మోగుతది?"

రికార్డింగు నాడు గొంతు పట్టేసిందని ఒకాయన చెబుతాడు. అది కవి కావాలని ఉంచిన మౌనమని ఇంకొకాయన పత్రికలో రాశాడు. రాసుకోనివ్వండి, ఆయన బతుకుతెరువు ఆయనది. కానీ ఆ ఖాళీలో ఒకప్పుడు ఒక మనిషి పేరుండేది. దాన్ని ఎందుకు తీసేశాడో తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను. నా షిఫ్టూ అయిపోవచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఈ కథలో రెండు పేర్లున్నాయి. రెండూ రాయను. మీరు ఎంత అడిగినా రాయను.

నేను గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేశాను. సర్దారంటే అందరికంటే ముందు లోపలికి దిగి, పైకప్పు కర్రతో తట్టి చూసి, గాలి చూసి, "ఇగ రాండ్రి" అని షిఫ్టును పిలిచేవాడు. ఏదన్నా జరిగితే అందరికంటే ముందు తిట్లు తినేవాడు కూడా వాడే. అవి అరవైల చివరి సంవత్సరాలు. ఖని అప్పటికి ఇంకా ఊరులా లేదు. కంపెనీ క్వార్టర్లు, రేకుల షెడ్లు, నాలుగు హోటళ్ళు, రెండు కల్లు దుకాణాలు, మధ్యలో ఎర్రటి మైదానం. వేసవిలో రామగుండం స్టేషన్లో దిగినవాడికి మళ్ళీ అదే రైలెక్కి పోదామనిపించేది. ఎండ అంత కొట్టేది. లోపలికి దిగితే మాత్రం చల్లన. ఆ చల్లదనం గురించి మేం ఇంట్లో ఎవరికీ చెప్పేవాళ్ళం కాదు.

మా గాయకుడు అప్పుడు గాయకుడు కాడు, ఫిల్లరు. చెమ్మసు అనే పెద్ద పారతో బొగ్గెత్తి టబ్బు నింపేవాడు. పెద్దపల్లి దిక్కు పల్లె నుంచి వచ్చాడు. వాళ్ళ అవ్వ పీర్ల పండుగకు పాటలు కట్టేదట. చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది. మనిషి పొట్టి, బక్క. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడా అని మాకందరికీ ఆశ్చర్యం. ఎవరిమీద పడితే వాళ్ళమీద పాట కట్టేవాడు. నా మీసాల మీద కూడా కట్టాడని తెలిసి, కోపంగా పిలిపించి, "పాడు, నేను గుడ ఇంట" అన్నాను. రెండో చరణం దగ్గరే నాకు నవ్వాగలేదు. అప్పటినుంచి వాడికి నేను సర్దారన్న, నాకు వాడు తమ్మి.

తర్వాతి జీవితం మీకు తెలిసిందే. రేడియో, రికార్డులు, కవితల పుస్తకాలు, ఊరూరా సభలు, చివరిరోజు లారీల మీద వచ్చిన జనం. అదంతా నాకంటే బాగా రాయగలవాళ్ళు రాశారు. వాడికి పేరు తెచ్చిన మొదటి పాట ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ రాయలేదు. అది శవం ముందు పుట్టింది.

మా బాయిలో ఒక పద్ధతి ఉండేది. ఏ రూలులోనూ లేదు. లోపల ఎవరైనా చనిపోతే, శవాన్ని మోసుకొస్తున్నప్పుడు ఒకడు ముందు నడుస్తూ, పోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తూ దారి చెప్పాలి. ఇక్కడ మలుపుంది, ఇక్కడ వంగు, ఇక్కడ పట్టాలున్నాయి అని. పిలిచేవాడు మధ్యలో ఆగకూడదు. ఎవరూ వెనక్కి చూడకూడదు. మోసేవాళ్ళు నోరు విప్పకూడదు. మాలో అందరికంటే పాతవాడు టింబరు కాక. కప్పు కింద కట్టెదిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఆయన అనేవాడు: "పెయ్యిని మనం మోసుకస్తం. మరి వాన్ని ఎవరు తోలుకరావాలె? వాని దీపం ఆరిపాయె గదా." నాకు వీటి మీద నమ్మకం లేదు. అయినా ఎన్నడూ అడ్డుచెప్పలేదు. మోసేటప్పుడు మాట్లాడకుండా ఉండటం మంచిదే కదా అనుకునేవాణ్ణి.

ఒకరోజు మొదటి షిఫ్టులో మూడో లెవెల్లో కప్పు కూలి ఒక ఫిల్లరు చనిపోయాడు. పొడుగాటి మనిషి. బాయిలో పొడుగు శాపం. దారిలో కప్పు కిందికి దిగి ఉండే ఒక జాగాలో అతని టోపీ రోజూ టక్కున దూలానికి తగిలేది, రోజూ వెనకవాళ్ళు నవ్వేవాళ్ళు. మాట తక్కువ. ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. మా గాయకుడూ అతనూ జోడు. అంటే ఇద్దరూ కలిసి ఒకే టబ్బు నింపేవాళ్ళు. అందుకని ముందు నడిచి పిలిచే పని వీడికే పడింది.

వీడు మామూలుగానే పిలవడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి గొంతు వణికింది. వణుకు దాచుకోవడానికి రాగం తీశాడు. అంతే, అది పాటైపోయింది.

"ఇది మొదటి మలుపు, ఎడమకు రారా
ఇది వంగే జాగ, తల వంచి రారా
మోకాటి నీళ్ళు, మెల్లంగ రారా
అగో పైన ఎండ, కండ్లు మూసి రారా"

ప్రతి పాదంలోనూ 'రారా'కు ముందు అతని పేరు. మోస్తున్న వాళ్ళు ఏడుస్తూ నడిచారు, కానీ ఒక్కరూ నోరు విప్పలేదు. పైకి వచ్చేసరికి, బాయిలోకి ఏటవాలుగా దిగే దారి, అంటే ఇంక్లైను, దాని మూతి దగ్గర రెండు షిఫ్టుల జనం నిలబడి ఉన్నారు. అందరూ విన్నారు.

రెండు నెలలు తిరక్కుండానే ఆ పాట ఖని దాటింది. శ్రీరాంపూర్ క్వార్టర్లలో ఆడవాళ్ళు రోలు దగ్గర పాడారు. దసరాకు డప్పుల మీద పాడారు. సభల్లో వీణ్ణి బల్లెక్కించి పాడించారు. రేడియోవాళ్ళు హైదరాబాదుకు వచ్చి పాడమన్నారని కబురొచ్చిన రోజు వీడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ముందు ఎగిరి గంతేసి, తర్వాత కూచుని ఏడ్చాడు. "నా జోడుగాడు సచ్చి నాకు తొవ్వ జూపిండు సర్దారన్నా" అన్నాడు. ఇద్దరం చెరో చాయ్ తాగాం, ఇంకేం చేయాలో తోచక.

ఆ రోజుల్లోనే బాయిలో గుసగుసలు మొదలయ్యాయి. కూలిన చోటు ఉన్న గల్లీకి అడ్డంగా కంచె కట్టేశాం. ఆ కంచె వెనక నుంచి చెమ్మసు గీరుతున్న చప్పుడు వస్తోందని ఫిల్లర్లు అన్నారు. నేను వాళ్ళ మీద గట్టిగానే అరిచాను. బాయి నిండా చప్పుళ్ళే. రాయి సర్దుకుంటుంది, కట్టె మూలుగుతుంది, ఎలుకలు తిరుగుతాయి. వినబడ్డదల్లా దయ్యమైతే నేను హాజరు దయ్యాలకే వేయాలి. ఇలా అరిచి పంపించి, ఒక్కణ్ణే కంచె దగ్గర నిలబడి విన్నాను. వినబడింది. ఎలుకలే అనుకున్నాను. ఎలుకలు మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటాయా అన్న ప్రశ్న మాత్రం ఇంటిదాకా నా వెంట వచ్చింది.

పైన ఇంకో సంగతి. చనిపోయినవాడి తల్లి రోజూ షిఫ్టు వదిలే వేళకు ఇంక్లైను మూతి దగ్గరికొచ్చి నిలబడేది. పైకి వచ్చే ఒక్కొక్కరి ముఖం చూసేది. ఆఖరివాడు వచ్చాక కూడా చీకట్లోకి కాసేపు చూసి వెళ్ళిపోయేది. కడుపుకోత కదా, కొన్నాళ్ళకు తగ్గుతుందిలే అని ఊరుకున్నాను. తగ్గలేదు. ఒకరోజు దగ్గరికి వెళ్ళి అడిగాను.

"ఎవరికోసం అవ్వా?"

"మావోని కోసం బిడ్డా. ఇంక ఎక్కలే."

"గట్లంటవేందవ్వా. గోదారొడ్డుకు నువ్వు గుడ వస్తివి గదా. నీ చేతులతోనే మట్టి పోస్తివి."

"పెయ్యి ముచ్చట కాదు కొడుకా నేను అడిగేది."

"పిలుసుకుంటనే తోలుకొచ్చినం. ఊరంతా ఇన్నది."

ఆమె చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "మీరు పిలిచింది మావోన్ని గాదు. గా పేరు మా అన్న కొడుకుది. వాడు బతికే ఉన్నడు. ఎవుసం చేసుకుంటున్నడు."

నాకు సంగతి అర్థమైంది. ఇప్పటి పిల్లలకు ఇది చెప్పాలి. ఆ రోజుల్లో మా బాయిల్లో మారుపేరు మనుషులు చాలామంది ఉండేవాళ్ళు. బాయిపనికి ఒకడికి పిలుపొచ్చేది, వాడు భయపడి పారిపోయేవాడు, వాడి పేరు మీద ఇంకొకడు దిగేవాడు. హాజరులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. జీతం ఒకడి పేరుమీద వచ్చేది, జ్వరం ఇంకొకడికి వచ్చేది. ఈ అవ్వ మేనల్లుడికి పనికి పిలుపొస్తే, అతను ఒక్కరోజు ఇంక్లైన్లోకి నాలుగడుగులు వేసి, ఆ చీకటి చూసి, చెప్పులు కూడా వదిలేసి ఊరికి పరిగెత్తాడట. అతని పేరుతో ఈమె కొడుకు పనిలో చేరాడు. జోడుగా ఒకే టబ్బు నింపిన మా గాయకుడికి కూడా అతని అసలు పేరు తెలియదు. అంటే బాయి అడుగు నుంచి మూతి దాకా మేం పిలుచుకుంటూ వచ్చింది, గోదారి అవతల జైపూర్ దిక్కు ఏదో పొలంలో నాగలి పట్టుకుని నిలబడ్డ మనిషిని.

"వానికి చిన్నప్పటి సంది సిగ్గెక్కువ బిడ్డా," అంది ఆమె. "తన పేరు పెట్టి పిలిస్తెనే పలుకుతడు. వేరేటోన్ని పిలుస్తున్నరని ఆడనే కూసుండి ఉంటడు."

ఈ మాట మా గాయకుడికి చెప్పాలా వద్దా అని రెండ్రోజులు నలిగాను. చెప్పే పని లేకుండానే తేలింది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం మైదానం అంచున హోటల్లో చాయ్ తాగుతున్నాం. హోటలాయన చాయ్ పోస్తూ ఈ పాటే పాడుకుంటున్నాడు. ఖనిలో అప్పుడు ఎవరి నోట విన్నా అదే. బస్సు దిగిన ఒక మనిషి మైదానం మీదుగా మావైపు వస్తున్నాడు. ధోవతి, తలపాగా, ఎండకు కమిలిన ముఖం. నేరుగా వస్తున్నవాడు ఉన్నట్టుండి ఎడమకు తిరిగాడు. అక్కడ దారేమీ లేదు. కొంచెం నడిచి నడుం వంచాడు, ఏదో దూలం కింద నుంచి దూరుతున్నట్టు. నెత్తిన ఆకాశం తప్ప ఇంకేం లేదు. అంతలో ఎవరో రెండు చాయ్‌లు చెబితే హోటలాయన పాట ఆపాడు. మైదానంలో ఆ మనిషి నడుం వంచినవాడు వంచినట్టే ఆగిపోయాడు. హోటలాయన గ్లాసులు ఇచ్చి మళ్ళీ అందుకున్నాడు. ఆ మనిషి లేచి, ధోవతి మోకాళ్ళ పైకెత్తుకుని, ఎండిన మట్టిలో కాలు ఎత్తెత్తి వేస్తూ నడిచాడు.

గాయకుడు గ్లాసు పక్కన పెట్టేశాడు. "సర్దారన్నా, గాయిన నా పాట నడుస్తుండు" అన్నాడు.

నేను లేచి హోటలాయన నోరు మూయించాను. ఆ మనిషి కళ్ళు మూసుకుని మైదానం మధ్య నిలబడ్డాడు. మేం వెళ్ళి పట్టుకుని కదిపేదాకా తెరవలేదు. నీడలో కూచోబెట్టి నీళ్ళు తాగించాక తన పేరు చెప్పాడు. పాటలో ఉన్న పేరే.

"నా పేరు పాడకుండ్రన్నా, మీ కాల్మొక్త" అన్నాడు గాయకుడితో. "మా ఊరికి గుడ వచ్చిందది. నాగలి పట్టుకుంటె ఎవడో చెవుల చెప్తడు, ఇటు మలుగు, ఈడ వంగు. పోతనే ఉంట. సివరికి కండ్లు మూసుకొమ్మంటడు, మూసుకుంట. మొదట్ల జల్దినే తెరుచుకునేటియి. ఇప్పుడు ఆలిశమైతున్నది. నిన్న మా బర్లు నన్ను జూసి బెదిరినయి."

తను భయపడి పారిపోయిన చీకటిలోకి తన బావ తన పేరుతో వెళ్ళాడని, ఆ పేరు మీదే చచ్చాడని అతనికి తెలుసు. "మా బావ నా బదులు పాయె. ఇగ నన్ను పిలుసుడు న్యాయమేనేమో" అని కూడా అన్నాడు. ఆ మాటకు నాకు దుఃఖం, కోపం రెండూ వచ్చాయి. కోపం ఎవరిమీదో తెలియక హోటలాయన్ను ఇంకోసారి తిట్టాను.

పేరు మారిస్తే సరిపోదా అని మీరంటారు. మేమూ అదే అనుకున్నాం. ఆ సాయంత్రమే చనిపోయినవాడి భార్య బొగ్గు చేతులతో వచ్చింది. భర్త పోయాక కంపెనీ ఆమెకు పైన బొగ్గులోంచి రాళ్ళు ఏరే పని ఇచ్చింది. ఆ పనీ, ఆ క్వార్టరూ ఆ పేరుగల మనిషి భార్యగానే ఇచ్చింది.

"అన్నా, మా అత్త మాట ఇని పేరు మార్చకుండ్రి," అంది. "అసలు పేరు బయటవడ్డదంటె నా కొలువు పోతది, క్వార్టర్ల నుంచి ఎల్లగొడ్తరు. టైమాఫీసు గుమాస్తాకు ఇప్పటికే అనుమానమున్నది. మొన్న నన్నాపి, 'మీ ఆయన్ని మీ అత్త ఇంట్ల ఏమని పిలిచేది?' అని అడిగిండు. నేను ఏం చెప్పాలె?"

ఆ గుమాస్తా నాకు తెలుసు. చెడ్డవాడని అనను. హాజరు పుస్తకాన్ని దేవుడి పటంలా తుడిచి పెట్టుకునే రకం. మారుపేరు మనుషుల్ని పట్టుకుని పైకి రాయడం అతని ఉద్యోగం. అతని గది ఇంక్లైను మూతికి ఎదురుగానే ఉండేది.

గాయకుడు తల పట్టుకున్నాడు. వాడంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "మార్చకపోతె ఆయిన పోతడు. మారిస్తె ఈమె కొలువు పోతది. అవ్వ కొడుకేమో లోపటనే కూసున్నడు. అందరు కలిసి నా పాట మీదనే వడ్డరు! నేను ఏం పాపం జేసిన? ఏడుసుకుంట పాడిన, అంతే గదా?"

తీర్పు చెప్పింది టింబరు కాక. మేం చెప్పిందంతా చుట్ట కాలుస్తూ విని, తాపీగా అన్నాడు: "పిలుపంటె లోపట పిలిచేది. ఒక్కపారి పిలిచేది. దాన్ని మీరు పాట జేసి పైన ఊరూర తిప్పిండ్రు. గందుకే గిట్లయింది. పైన పేరు ఇడిసిపెట్టు. ఏ పేరూ వద్దు. లోపటికి పోయి సరైన పేరుతోని పిలువు. ఎవడు తప్పు పిలిచిండో వాడే పిలవాలె."

"పేరు లేకుంటె పాటేముంటది కాకా?" అన్నాడు గాయకుడు. వాడి గొంతులో నిజమైన బాధ ఉంది. రేడియో వాళ్ళకు ఆ పేరున్న పాటే కావాలి. జనం కేకలు వేసేది ఆ పేరు దగ్గరే. ఒక ఫిల్లరుకు జీవితంలో ఒక్కసారి తెరుచుకున్న తలుపది. లేచి తలకు తువాలు చుట్టుకుని, చివరికి వాడే అన్నాడు: "ఉండకుంటె మానె."

ఆ మాట మీద చివరిదాకా నిలబడ్డాడు. హైదరాబాదులో రేడియోవాళ్ళు ఏదో ఒక పేరు పెట్టమని బతిమిలాడితే, "ఏ పేరు పెట్టినా అది ఎవరిదో ఒకరిదైతది సారూ" అని డప్పు ముందుకు తోశాడట. మీరు వినే ఖాళీ అదే. అయితే పైన పేరు వదిలేస్తే సగం పనే అయింది. లోపలి సగం మిగిలింది.

ఆదివారం మాకు ప్లే డే, బాయి నడవదు. పంపులవాళ్ళూ, మాలాంటి తనిఖీ వాళ్ళూ తప్ప ఎవరూ దిగరు. ఆ ఉదయం గాయకుణ్ణి తోడు తీసుకుని ఇంక్లైను దగ్గరికి వెళ్ళాను. అవ్వ అప్పటికే వచ్చి ఉంది. మేనల్లుడు కూడా వచ్చాడు, దూరంగా ఖాళీ టబ్బు పక్కన కూచున్నాడు. కోడలు రాలేదు. ఎదురుగా టైమాఫీసు తలుపు తెరిచి ఉంది. ప్లే డే నాడు కూడా గుమాస్తా పుస్తకాలు సర్దుకుంటున్నాడు.

అవ్వ గాయకుడి తల రెండు చేతులతో కిందికి వంచి, చెవిలో కొడుకు పేరు చెప్పింది. వాడు తలూపాడు. నాకు చెప్పలేదు.

నేను బాయిలో ముప్పై ఏళ్ళకు పైగా దిగాను. ఆ రోజంత భయం నాకెప్పుడూ వేయలేదు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. టబ్బులు నడవవు, వాటిని లాగే తాడు కదలదు, మనుషుల కేకల్లేవు. మా అడుగుల చప్పుడు మాకంటే కొంచెం ఆలస్యంగా వస్తున్నట్టనిపించేది. మూడో లెవెల్లో కంచె దగ్గర ఆగాం. నేను కప్పు తట్టి చూశాను. అలవాటు కొద్దీ "ఇగ రాండ్రి" అనబోయి నోరు మూసుకున్నాను.

గాయకుడు కంచె మీద చెయ్యి వేసి, మామూలు గొంతుతో, పక్కన కూచున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అన్నా, నేను, నీ జోడును. నాకు ఎర్కలేక నీ బామ్మర్ది పేరుతోని పిలిచిన. మాఫ్ చెయ్యి. ఇప్పుడు మీ అమ్మ చెప్పి పంపిన పేరుతోని పిలుస్తున్న. లే."

తర్వాత పేరు పెట్టి పిలిచాడు. చిన్న పేరు. అమ్మలు మాత్రమే పెట్టే రకం పేరు. అది చీకట్లోకి పోయి ఎక్కడా తగలకుండా మాయమైంది. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు చెమ్మసు చప్పుడు ఆగింది. ఆగినప్పుడే, ఇంతసేపూ అది వినిపిస్తూనే ఉందని నాకు తెలిసింది.

"నడువు సర్దారన్నా" అని గొణిగి, గాయకుడు ముందు నడిచాడు. నేను వాడి వెనక. నా వెనక ఎవరూ లేరు, అంటే మేం దిగినప్పుడు లేరు. వాడు పాడటం మొదలుపెట్టాడు. అది సభల్లో పాడే పాట కాదు. రాగం సగమే ఉంది, మిగిలిందంతా బతిమిలాట. మొదటి మలుపు, ఎడమకు రారా. ఇది వంగే జాగ, తల వంచి రారా. వాడు పొట్టి, వంగే పని లేదు. నేను కొంచెం వంగి దాటాను. నాలుగడుగులు వేశాక నా వెనక దూలానికి టోపీ తగిలింది. టక్.

వాడి గొంతు ఒక్క క్షణం తడబడింది, కానీ ఆగలేదు. తల తిప్పాలని నా ఒళ్ళంతా లాగింది. నేను వాడి వీపు మీద నా దీపం వెలుగు పెట్టుకుని, దాన్నే చూస్తూ నడిచాను. నీళ్ళు దాటాం. మనుషులు దాటాక నీళ్ళు కాసేపు కొట్టుకుంటూనే ఉంటాయి, అది నాకు తెలుసు. కానీ కొట్టుకునే నీళ్ళు అడుగులు వేయవు. గాయకుడు ఏడుస్తున్నాడు, పాడుతున్నాడు. రారా, ఇంకొంచెమే రారా, మీ అమ్మ వచ్చింది రారా. ఇవి పాటలో లేని మాటలు. వాడు మళ్ళీ ఎక్కడా పాడలేదు కూడా. అగో పైన ఎండ, కండ్లు మూసి రారా.

బయటికి వచ్చాం. ఎండకు నాకు కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి అవ్వ మా ముందు నిలబడి ఉంది. కానీ మావైపు చూడటం లేదు. నా భుజం పైనుంచి, నాకంటే ఒక జానెడు పైకి చూస్తోంది.

"గింత చిక్కిపోయినవేందిరా" అంది.

ఆమె కొంగుతో గాలిలో ఏదో తుడిచింది, ముఖమంత ఎత్తులో. టబ్బు పక్క నుంచి మేనల్లుడు లేచి వచ్చాడు. అతను నిటారుగా, నేరుగా నడిచి రావడం నేను చూశాను. అత్త పక్కన నిలబడబోతే ఆమె చేత్తో ఆపింది: "నువ్వు జర వెనుక రా బిడ్డా. ఈడ బావ నడుస్తుండు."

తర్వాత ఆమె ఇంటి దారి పట్టింది. దారి అంచున ఒదిగి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి నడుస్తోంది. పైగా మాట్లాడుతోంది. గట్టిగా, అందరూ వినేలా, దారి చెబుతోంది. ఇటు రారా, గడ్డున్నది చూసుకో, అగో మన ఇల్లు. ప్రతి మాటకూ ముందు కొడుకు అసలు పేరు. ఇన్నాళ్ళూ దాచి దాచి గొంతులో గడ్డకట్టిన పేరు, ఆ పట్టపగలు క్వార్టర్ల వైపు పిలుచుకుంటూ పోతోంది. గుమ్మాల్లో మనుషులు నిలబడి విన్నారు. గాయకుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కోడలి కొలువు ఇక ఉండదని ఇద్దరికీ అర్థమైంది.

ఆమె టైమాఫీసు ముందుకు వచ్చేసరికి గుమాస్తా వరండా దిగి దారిలోకి వచ్చాడు. చేతిలో హాజరు పుస్తకం ఉంది. ఆ పేరు స్పష్టంగా విన్నాడు. నా కళ్ళతో చూశాను, పెదాలతో ఒకసారి ఆ పేరు అనుకున్నాడు కూడా. అవ్వ అతని ముందు నుంచి దాటిపోయింది. ఆమె దాటాక దారి ఖాళీగానే ఉంది. గుమాస్తా పుస్తకం తెరవకుండానే చంకలో పెట్టుకుని, నెత్తిమీది టోపీ తీసి, ఇంకొక మనిషి పోవడానికి దారి వదులుతూ ఒకడుగు వెనక్కి జరిగాడు.